పేరా ఎటో పోతోందా? సమస్య – పరిష్కారం

పదో తరగతి పిల్లలవైనా, గ్రూప్-1 మెయిన్స్‌కు కూర్చునేవాళ్లవైనా, బ్రాడీపేటలో నా బల్ల మీదికి వచ్చే కాగితాల్లో జబ్బులు మాత్రం అవే. వాక్యం రాయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. చేతిరాత జోలికి పోను.

అన్నిటికన్నా ముందు

పేరా పూర్తయ్యాక కాగితం బోర్లించి, "ఇందులో నేనేం చెప్పాను?" అని మిమ్మల్ని మీరే అడిగి ఒక్క వాక్యంలో పైకి జవాబు చెప్పండి. "ప్రకాశం బ్యారేజీ గురించి చెప్పాను" అంటే కుదరదు. అది విషయం పేరు, అంతే. "బ్యారేజీ లేకపోతే డెల్టా కాలువల్లోకి నీరెక్కదు" అనగలిగితే ఏదో ఒకటి చెప్పినట్టు.

అర నిమిషం పని. అయినా చేయరు. "సార్, ఫ్లో లేదంటున్నారు, ఏం చేయమంటారు?" అని వస్తారు. ఆ ఒక్క వాక్యం చెప్పమంటే నీళ్లు నములుతారు. చెప్పలేనప్పుడు ఆ పేరాను దిద్దడం దండగ. ముందు ఆ వాక్యం తేల్చుకుని, దాన్నే మొదట పెట్టి, మళ్లీ రాయండి.

లక్షణం: పేరా పేజీ అంతా సాగింది

కారణం: రెండు మూడు ప్రశ్నలకు ఒకేచోట జవాబు రాశారు. విజయవాడ ఎండల మీద రాస్తూ వేడి ఎందుకు ఎక్కువో, దానివల్ల ఎవరు అవస్థ పడుతున్నారో, కార్పొరేషన్ ఏం చేయాలో అన్నీ కలిపేస్తారు. ప్రశ్న మారిన చోట తెంచండి. లైన్లు లెక్కపెట్టి తెంచితే మాత్రం ఏ ముక్కకూ తలాతోకా ఉండదు.

లక్షణం: వాక్యాలు దేనికది విడిగా ఉన్నాయి

ఈ మాట చెప్పగానే అందరూ చేసే పని ఒకటుంది. ప్రతి వాక్యం ముందూ ఒక "కాబట్టి", ఒక "అంతేకాకుండా" చల్లేస్తారు. "గుంటూరు మిర్చి యార్డు చాలా పెద్దది. అంతేకాకుండా ఇక్కడ ఎండలు ఎక్కువ. కాబట్టి మిర్చికి మంచి పేరుంది." యార్డు పెద్దదైతే మిర్చికి పేరెలా వస్తుందండీ? అతుకు మాటలన్నీ కొట్టేసి ఒకసారి చదవండి. వాక్యాల వరస తప్పి ఉంటే అప్పుడు బయటపడుతుంది. వరస సరిచేశాక, నిజంగా కారణం చెబుతున్న చోట మాత్రమే "కాబట్టి" తిరిగి పెట్టండి.

లక్షణం: ఏ వాక్యంలోనూ తప్పు లేదు, అయినా పేరా ఎటో పోయింది

అసలు దొంగ ఇక్కడున్నాడు. ఎర్రపెన్ను పట్టుకున్నవాళ్లను కూడా బోల్తా కొట్టించే రకం. ఇలా ఉంటుంది:

"కృష్ణా డెల్టా సాగుకు ప్రకాశం బ్యారేజీ ప్రాణం వంటిది. దీనికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఆయన 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో జరిగిన నిరసనలో పోలీసుల తుపాకులకు ఎదురు నిలిచిన ధీరుడు. నేటి యువత అలాంటి నాయకులను ఆదర్శంగా తీసుకోవాలి."

చదివితే హాయిగా సాగిపోతుంది. మొదటి వాక్యం భేషుగ్గా ఉంది. పై పరీక్ష పెట్టినా రాసినవాడు "డెల్టాకు బ్యారేజీయే ఆధారం అని చెప్పాను" అని తడుముకోకుండా అంటాడు. కానీ ఆ మాట ఎక్కడ చెప్పాడు? సాగు మొదటి వాక్యంలోనే ఆగిపోయింది, బ్యారేజీ రెండో వాక్యంతో సరి. చివరికి యువతకు నీతిబోధ మిగిలింది.

ఎందుకిలా అవుతుందంటే, ప్రతి వాక్యమూ తన ముందున్న వాక్యాన్ని పట్టుకుని నడిచింది. మొదటి వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తేడా జరిగింది "దీనికి", "ఆయన" అన్న చిన్న మాటల దగ్గర. కృష్ణా కెనాల్ జంక్షన్‌లో తెనాలి వెళ్లాల్సిన బండి గుంటూరు లైన్లోకి తిరిగితే లోపల కూర్చున్నవాడికి కుదుపు కూడా తెలియదు చూడండి, అలా.

దీనికి తోడు మనకు కర్తను మింగేసే అలవాటు ఉంది. "మరమ్మతు చేశారు. కానీ నిలవలేదు. దాంతో ఇబ్బంది పడ్డారు." చేసింది అధికారులు, నిలవనిది గట్టు, ఇబ్బంది పడింది రైతులు. మూడు వాక్యాల్లో ముగ్గురు మారారు, ఒక్కరి పేరూ కాగితం మీద లేదు. రాసేవాడి మనసులో ఉంది కాబట్టి వాడికి అంతా స్పష్టమే. చదివేవాడికి కాదు.

పట్టుకోవడం తేలికే. మధ్యలో వాక్యాలు చేత్తో మూసి, మొదటిది, చివరిది మాత్రం చదవండి. "బ్యారేజీ డెల్టా సాగుకు ప్రాణం... యువత ఆదర్శంగా తీసుకోవాలి." దొరికిపోయాడు. ఎక్కడ తప్పాడో తెలియాలంటే ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో అది ఎవరి గురించో పెన్సిల్‌తో రాయండి: బ్యారేజీ, బ్యారేజీ పేరు, ప్రకాశం, ప్రకాశం, యువత. "బ్యారేజీ పేరు" దగ్గరే దారి మళ్లింది.

అయితే మార్జిన్‌లో పేరు మారిన ప్రతిచోటా తప్పున్నట్టు కాదు. మొదటి వాక్యాన్ని ప్రశ్నగా మార్చి, మిగతావి ఒక్కొక్కటీ దానికి జవాబిస్తున్నాయా లేదా అని అడగండి. డెల్టాకు బ్యారేజీ ఎందుకు ప్రాణం?

"కృష్ణా డెల్టా సాగుకు ప్రకాశం బ్యారేజీ ప్రాణం వంటిది. నది నీరు కాలువల్లోకి ఎక్కాలంటే దాన్ని ఒకచోట నిలిపి మట్టం పెంచాలి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట ఆ పనే చేసేది. 1952 వరదకు ఆనకట్ట తెగిపోవడంతో, బ్యారేజీ కట్టి 1957 నాటికి పూర్తిచేశారు. ఇక్కడ నిలిచిన నీరే ఒకవైపు ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లోకి, మరోవైపు తెనాలి, రేపల్లె ప్రాంతాల పొలాలకు వెళ్తుంది. బ్యారేజీ దగ్గర మట్టం పడిపోతే రెండు వైపులా నాట్లు వెనకబడతాయి."

నీరు, ఆనకట్ట, కాలువలు, నాట్లు అంటూ పేర్లు ఎన్నో మారాయి. ప్రశ్న మాత్రం మారలేదు. చివరి వాక్యం సాగు దగ్గరే ఉంది.

ఇక్కడ ఒక గొడవ తప్పక వస్తుంది: "ప్రకాశం గారి గురించి తెలిసింది రాస్తే మార్కులు పడవా సార్?" పడతాయి. ఆయనకు వేరే పేరా ఇవ్వండి. ప్రశ్న సాగునీటి గురించే అయితే ఆ పేరా కూడా వద్దు. గుర్తొచ్చిందంతా రాసెయ్యాలన్న ఆత్రమే బండిని పక్క లైన్లోకి మళ్లిస్తుంది. కాబట్టి పరీక్ష హాల్లో టెన్షన్‌గా ఉన్నప్పుడు మూసి చదివే పరీక్ష మాత్రం మానకండి, మిగతావి మానినా ఫర్వాలేదు.

అరుదుగా వచ్చేవి

ముఖ్యమైన వాక్యం చివర రావచ్చా? రావచ్చు, కానీ ముందు మొదట పెట్టి రాయడం చేతనవ్వాలి. పేరాలో ఎన్ని వాక్యాలుండాలి? లెక్కేమీ లేదు, ప్రశ్నకు జవాబు పూర్తయితే చాలు. సామెతలు ఎక్కువయ్యాయా? ఒకటి ఉంచి మిగతావి కొట్టేయండి. కథల్లో సంభాషణల పేరాలు వేరే పద్ధతి, వాటికి ఈ చిట్కాలు పనికిరావు.