సౌరకుటుంబం పుట్టుక: సిద్ధాంతాన్ని నిలదీయడం ఎలా?

సౌరకుటుంబం పుట్టుక గురించి కొత్త సిద్ధాంతం కనబడగానే నేను దాన్ని చదవను. ముందు ఒక కాగితం తీసుకుని, అది జవాబు చెప్పి తీరాల్సిన ప్రశ్నలు రాసుకుంటాను. మీరూ అలాగే చేయండి. చదివాక రాస్తే దానికి అనుకూలమైనవే గుర్తుకొస్తాయి.

సులువైనవి ముందు రాసేయండి: గ్రహాలన్నీ ఒకే దిశలో, దాదాపు ఒకే తలంలో సూర్యుణ్ణి చుట్టివస్తున్నాయి, లోపలి నాలుగూ రాతివి, బయటివి భారీవి. వీటికి ఏ సిద్ధాంతమైనా ఏదో ఒక జవాబు చెబుతుంది.

అసలు పరీక్ష కోణీయ ద్రవ్యవేగం, అంటే తిరిగే వస్తువులో ఎంత తిరుగుడు ఊపు ఉందో చెప్పే కొలత. మొత్తం ద్రవ్యరాశిలో 99.8 శాతానికి పైగా సూర్యుడిదే. కోణీయ ద్రవ్యవేగంలో మాత్రం అతని వాటా 2 శాతం కూడా లేదు. సగానికి మించి గురుగ్రహానిదే. తిరిగే వాయుమేఘం కుంచించుకుని సూర్యుడైతే, అతను గిర్రున తిరగాలి కదా? మధ్యరేఖ దగ్గర ఒక చుట్టుకు సుమారు 25 రోజులు తీసుకుంటున్నాడు! 1755లో కాంట్, 1796లో లాప్లాస్ ప్రతిపాదించిన నీహారిక సిద్ధాంతం (అలాంటి వాయుమేఘం నుంచే సూర్యుడూ గ్రహాలూ పుట్టాయన్నది) ఇక్కడే చిక్కుకుంది. మరో నక్షత్రం దగ్గరగా వచ్చి సూర్యుడిలోంచి పదార్థాన్ని లాగిందని తర్వాత చాంబర్లిన్, మౌల్టన్, జీన్స్ తమతమ పద్ధతుల్లో వాదించారు. అలా లాగిన వేడి వాయువు గ్రహాలుగా గడ్డకట్టకముందే చెదిరిపోతుందని 1939లో లైమన్ స్పిట్జర్ లెక్కకట్టి చూపాడు. నీహారిక మళ్లీ గెలిచింది. లాప్లాస్ మీద నాకు కాస్త జాలి, ఆయన కాలానికి సూర్యుడి అయస్కాంత క్షేత్రం సంగతి తెలియదు.

ఎందుకంటే సూర్యుడి వేగానికి కళ్లెం వేసింది అయస్కాంత క్షేత్రం, సౌరపవనాలేనని (సూర్యుడి నుంచి వెలువడే కణాల ప్రవాహం) ఇప్పుడు చెబుతారు. ఇలాంటి సవరణ ఎదురైతే వెంటనే నమ్మకండి, మరెక్కడైనా కనబడుతోందా అని అడగండి. ఇది కనబడుతోంది: సూర్యుడి వంటి నక్షత్రాల్లో చిన్న వయసువి వేగంగా, పెద్ద వయసువి నెమ్మదిగా తిరుగుతున్నాయి. చిన్న వయసు నక్షత్రాల చుట్టూ ధూళి పళ్లేలూ ఉన్నాయి. హెచ్ఎల్ టౌరీ అనే అలాంటి నక్షత్రం చుట్టూ వలయాలను 2014లో ఆల్మా దూరదర్శిని స్పష్టంగా చూపింది.

శుక్రుడు వెనక్కి తిరగడం, యురేనస్ పక్కకు ఒరగడం విడిగా రాసుకోండి. ఒక్కో గ్రహానికి ఒక్కో ప్రమాదం ఉండవచ్చు. అయితే ప్రతి ప్రశ్నకూ ‘ఏదో ఢీకొంది’ అనే సిద్ధాంతానికి మార్కులు వేయకండి.

చివరి ప్రశ్న ఇప్పటి సిద్ధాంతానికే వేయండి. ధూళి కణాలు అతుక్కుని గులకరాళ్లంత అవుతాయి, సరే. మీటరు సైజుకు చేరాక వాయువు ఒరిపిడికి వేగం తగ్గి నక్షత్రం వైపు జారిపోతాయే, మరి కొండలంత ఎలా పెరిగాయి? గులకరాళ్లు గుంపుగా చేరి, తమ ఆకర్షణతోనే ఒక్కసారిగా కూలి ముద్దయ్యాయన్నది ఇప్పుడు బలంగా వినిపించే జవాబు. దాన్నీ పై ప్రశ్నలతోనే నిలదీయండి.