ఎలక్ట్రిక్ కారు కొన్నా డబ్బు మిగలట్లేదా? ముందు కరెంటు బిల్లు తీయండి

పెట్రోలు బంకుకు పోవడం మానేశారు. అయినా నెలాఖరుకు మిగిలిందేమీ కనపడట్లేదు. హనుమకొండ, కాజీపేట ఇళ్లలో చార్జింగ్ పాయింట్లు బిగించే నాకు ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. అందరూ ముందు బ్యాటరీని అనుమానిస్తారు, తర్వాత షోరూమ్‌ను తిడతారు. ఓడోమీటరునీ కరెంటు బిల్లునీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లే తక్కువ.

మిగులు అసలే లేదు: నెలకు ఎన్ని కిలోమీటర్లు?

లీటరు పెట్రోలు 107 రూపాయలు, మైలేజీ 18 అనుకుంటే కిలోమీటరుకు ఆరు రూపాయలు. ఇంట్లో చార్జింగ్‌కు దాదాపు రూపాయిన్నర. అంటే మిగిలేది నాలుగున్నర. కారుకు పెట్రోలు మోడల్ కంటే 3 లక్షలు ఎక్కువ పెట్టి, నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే ఐదున్నరేళ్లలో ఆ సొమ్ము వెనక్కి వస్తుంది. ఆఫీసుకు, ఆదివారం భద్రకాళి గుడికి తప్ప బండి తీయనివాళ్లు 400 దాటరు. వాళ్లకు దగ్గర దగ్గర పద్నాలుగేళ్లు.

ధరలో పెద్ద వాటా బ్యాటరీదే. రోజుకు 15 కిలోమీటర్లు తిరిగే మనిషికి 400 కిలోమీటర్ల రేంజ్ ఎందుకో నాకర్థం కాదు. చిన్న బ్యాటరీ ఉన్న మోడల్ తీసుకోండి, లేదా సెకండ్ హ్యాండ్ చూడండి.

బ్యాటరీని అద్దెకిచ్చే స్కీముల్లోనూ ఇదే లెక్క. 2024లో ఎంజీ విండ్సర్ 9.99 లక్షలకు, కిలోమీటరుకు 3.50 బ్యాటరీ అద్దెతో వచ్చింది. దానికి చార్జింగ్ రూపాయిన్నర కలిపితే ఐదు రూపాయలు, అంటే పెట్రోలుకు ఒక్క రూపాయే తేడా.

కరెంటు బిల్లు అనుకున్నదానికి రెట్టింపు: స్లాబు

ఎక్కువమందిని దెబ్బకొట్టేది ఇదే. కారు చెడిపోలేదు, మీటరూ బాగానే ఉంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

మన తెలంగాణలో ఇంటి కరెంటుకు ఒకే రేటు లేదు. వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే మెట్లున్నాయి, వాటినే స్లాబులంటారు. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్లలోపు వాడే ఇంటికి మొదటి వంద 3.40 చొప్పున, తర్వాతి వంద 4.80 చొప్పున పడతాయి. 200 దాటారా, మొదటి యూనిట్ నుంచే 5.10. 201 నుంచి 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. 200 యూనిట్లకు బిల్లు 820, 201కి 1,028. ఒక్క యూనిట్‌కు రెండు వందలు!

ఇప్పుడు కారు కలపండి. నెలకు 180 యూనిట్లు వాడే ఇంటికి బిల్లు 724. కారు 1,000 కిలోమీటర్లు తిరగడానికి, చార్జింగ్‌లో పోయేదీ కలిపి, 160 యూనిట్లు అనుకుందాం. మొత్తం 340 యూనిట్లు, బిల్లు 2,150. 'యూనిట్ 4.80 కదా, 770 అవుతుంది' అనుకున్న మనిషికి కారు మీద 1,426 పడింది. ఇవి ఎనర్జీ చార్జీలే, మిగతావి అదనం. మే నెలలో ఏసీలతోనే 300 దాటే ఇంట్లో కారు యూనిట్లన్నీ తొమ్మిది, తొమ్మిదిన్నర రేటులోనే పడతాయి.

200 యూనిట్లలోపు వాడితే కరెంటు ఉచితమనే రాష్ట్ర పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లయితే మరీ ఘోరం. టాక్సీకని కారు కొని ఇంటి ప్లగ్గుకే పెడితే 200 దాటుతుంది, ఆ నెల జీరో బిల్లు పోతుంది, మొత్తం 2,150 మీద పడుతుంది. అంటే కారు యూనిట్ పదమూడు రూపాయల పైమాటే.

నయీంనగర్‌లో ఒకాయన బిల్లు చీటీ చూపించి 'అన్నా, కారు కరెంటు తాగేస్తోంది' అన్నాడు. చార్జింగ్ పెట్టించి మీటర్ల బోర్డు దగ్గర నిలబడ్డాం. కరెంటు లాగుతున్నకొద్దీ టకటకా కొట్టుకుంటున్న ఎర్ర లైటు ఆయన మీటరుది కాదు, పై పోర్షన్‌లో కిరాయికున్నవాళ్లది. పార్కింగ్‌కు దగ్గరగా ఉందని ఎవరో వైరు అక్కడికే లాగారు. ఈయన బిల్లు పెరిగింది కొత్త ఏసీ వల్ల. మీరూ ముందు ఆ లైటు చూడండి. అర నిమిషం పని.

స్లాబే కారణమని తేలితే రెండు దారులు. చార్జింగ్‌కు విడిగా కనెక్షన్ తీసుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నిబంధనలు వినియోగదారుడికి ఈ వీలిచ్చాయి. దరఖాస్తు మన కరెంటు సంస్థ ఎన్పీడీసీఎల్‌కు. ఫిక్స్‌డ్ చార్జీ ఎంతో అడిగాకే సంతకం పెట్టండి, తక్కువ తిరిగేవాళ్లకు గిట్టకపోవచ్చు. సొంత డాబా ఉంటే సోలార్ ఇంకా మేలు. 3 కిలోవాట్లకు పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ వస్తుంది, నెలకు 300 యూనిట్ల పైనే పుడుతుంది. మీ సోలార్ కరెంటును వాడకంలోంచి తీసేసి లెక్కగట్టే నెట్ మీటర్ బిగించాక బిల్లు మళ్లీ కింది స్లాబుకు దిగుతుంది.

కొనకముందే ఆన్‌రోడ్ ధర భయపెడుతోంది

కొటేషన్‌లో లైఫ్ ట్యాక్స్ వరుస చూడండి. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 వరకు మాఫీ. ఆ వరుసలో అంకె ఉంటే తీసేయించండి. పది లక్షల పెట్రోలు కారుకు ఈ పన్నే లక్ష దాటుతుంది. 'సెంటర్ సబ్సిడీ వస్తుంది సార్' అంటే నమ్మకండి, కేంద్ర సబ్సిడీ పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో సొంత కార్లు లేవు.

మిగతావి

హైదరాబాద్ రోడ్డు మీద ఫాస్ట్ చార్జర్‌లో యూనిట్ 20 రూపాయల చుట్టూ ఉంటుంది. వారంవారం వెళ్లేవాళ్లు ఇంట్లోనే ఫుల్ చేసుకుని బయలుదేరండి. బ్యాటరీ అరిగిపోయిందేమో అంటారా? చాలా కంపెనీలు 8 ఏళ్ల వారంటీ ఇస్తున్నాయి, కొత్త బండికి ఆ టెన్షన్ వద్దు. మీటరు గిర్రున తిరుగుతోందన్న అనుమానం నూటికి తొంభైసార్లు ఉత్తదే. ఫీజు కట్టి టెస్ట్ చేయించుకుంటానంటే మీ ఇష్టం.