లైట్నింగ్ నోడ్‌లో ఇంటివాళ్లకు వాలెట్ తెరిచే ముందు

మీ లైట్నింగ్ నోడ్ (బిట్‌కాయిన్‌ను వేగంగా పంపుకునే నెట్‌వర్క్‌లో మీ సొంత కంప్యూటర్) మీద ఎల్‌ఎన్‌బిట్స్ (ఒకే నోడ్ మీద చాలామందికి వాలెట్లు తెరిచే సాఫ్ట్‌వేర్) పెట్టి అక్కకో, స్నేహితుడికో వాలెట్ ఇస్తున్నారా? తాళంచెవులు మీవి, వాళ్లకు కనబడేది మీ లెక్కల్లోని అంకె మాత్రమే. ఈ సంగతి ముందే విడమరిచి చెప్పండి.

- 24 పదాల సీడ్ (నోడ్ వాలెట్‌ను తిరిగి తెరిచే రహస్య పదాలు) కాగితం మీదే ఉండాలి. ఫొటో తీయొద్దు.

- అన్నిటికన్నా ముఖ్యం బ్యాకప్. ఎల్‌ఎన్‌డీ (నోడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఇచ్చే ఛానల్ బ్యాకప్ ఫైలు వేరే చోట దాచండి. ఛానల్ అంటే మరో నోడ్‌తో డబ్బు ఇచ్చిపుచ్చుకునే దారి. మీవాళ్లలో ఎవరికెంత ఉందో అందులో ఉండదు, అందుకే ఎల్‌ఎన్‌బిట్స్ డేటాబేస్‌ను విడిగా కాపీ చేయాలి. ఎల్‌ఎన్‌డీ పాత డేటాబేస్‌ను మాత్రం ఎప్పుడూ తిరిగి ఎక్కించొద్దు. పాత లెక్కతో ఛానల్ మూస్తే, అందులోని మొత్తమంతా అవతలి నోడ్ జరిమానాగా తీసేసుకోవచ్చు.

- వాలెట్ లింకును ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. లింకు తెరిస్తే అడ్మిన్ కీ దొరుకుతుంది, అది దొరికినవాళ్లు డబ్బు పంపేసుకోగలరు. దుకాణం కౌంటర్‌కైతే ఇన్‌వాయిస్ కీ చాలు, దానితో డబ్బు రప్పించుకోవచ్చు గానీ పంపలేరు.

- కొత్త ఛానల్‌లో డబ్బంతా మీవైపే ఉంటే బయటినుంచి ఏమీ రాదు. మా పిన్నికి 10,000 సతోషీలు (ఒక బిట్‌కాయిన్‌కు పదికోట్ల సతోషీలు) రెండుసార్లు ఆగిపోయింది ఇందుకే. ఆవిడ ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. ముందు ఇన్‌బౌండ్ (బయటినుంచి ఎంత రాగలదో ఆ మొత్తం) చూసుకోండి.

- మనిషికి 50,000 సతోషీలు దాటనివ్వను నేను.

- కరెంటు పోతుంది, యూపీఎస్ పెట్టండి.