స్క్రాప్ మీటర్లు వేశాక రెండు ముళ్లూ పైకే పోతున్నాయా? నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో స్క్రాప్ బండి నుంచి తెచ్చిన డీజిల్, టెంపరేచర్ మీటర్లు మా పాత పికప్‌కు వేశాక రెండు ముళ్లూ పైకెక్కి కూర్చున్నాయి. సగం ట్యాంకుకే ఫుల్, చల్లటి ఇంజిన్‌కే హీట్. చాలా టెన్షన్ పడ్డాను. ఫ్యూజు, ట్యాంకు ఫ్లోటు, సెన్సార్ మార్చినా లాభం లేకపోయింది.

రెండూ ఒకేలా తప్పు చూపిస్తున్నాయంటే రెండిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని చూడాలి. అది మీటర్ల వెనకున్న చిన్న రేకు డబ్బీ, వోల్టేజ్ స్టెబిలైజర్. బ్యాటరీ వోల్టేజీని తగ్గించి, నిలకడగా మీటర్లకు ఇచ్చేది ఇదే. దానికి ఎర్త్ (బండి బాడీతో కనెక్షన్) అందకపోతే మీటర్లకు నేరుగా 12 వోల్టులు పోతాయి.

ముందు బ్యాటరీ నెగటివ్ తీశాను. స్పీడోమీటర్ కేబుల్ విప్పి మీటర్ల పెట్టె బయటికి లాగాను. డబ్బీ స్క్రూ కింద ఉన్న తుప్పును ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దాను. అక్కడి నుంచి బాడీ బోల్టుకు, కింద పెయింటు గీకేసి, విడిగా ఎర్త్ వైరు వేశాను. డబ్బీకీ బాడీకీ మధ్య మల్టీమీటర్‌లో దాదాపు సున్నా ఓంలు వచ్చాకే అన్నీ బిగించాను. తాళం తిప్పగానే ముళ్లు మెల్లగా లేచి సరైన చోట ఆగాయి.

స్పీడోమీటర్ మాత్రం పాతదే ఉంచాను. బండి తిరిగిన కిలోమీటర్ల లెక్క మారకూడదు.

ఇది పాతరకం స్టెబిలైజర్ ఉన్న నా బండి సంగతి. ఎలక్ట్రానిక్ మీటర్లున్న బండ్లకు పనికొస్తుందని చెప్పలేను. ఒక్క మీటరే తప్పు చూపిస్తుంటే మాత్రం ముందు దాని సెన్సారే చూడండి.