తుపానుల కాలంలో విదేశీ ప్రయాణం: బీమా పాలసీ కొనే ముందు చూసుకోవలసినవి

దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి విదేశాలకు బయలుదేరే కుటుంబాలు చాలానే ఉంటాయి. కొందరు సింగపూర్, థాయిలాండ్, దుబాయ్ చూసి రావడానికి వెళతారు, కొందరు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి. బంగాళాఖాతంలో వాయుగుండాలు ఒకదాని వెనుక ఒకటి పుట్టేది కూడా ఆ నెలల్లోనే. 2015 డిసెంబరులో వరద నీరు చేరి చెన్నై విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. 2021 నవంబరులో పెన్నా పొంగి, కోవూరు, పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు పట్టాలు రెండూ దెబ్బతిన్నాయి. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను వానకు చెన్నైలో విమానాలు ఆగిపోయాయి. ఇంత తెలిసిన ప్రాంతంలో కూడా ప్రయాణ బీమాను వీసా ఫైలులో పెట్టే ఒక కాగితంగానే చూస్తున్నాం. ఎంతకు వస్తే అంతకు, ఎవరిస్తే వారి దగ్గర తీసుకుంటున్నాం. ఈ అలవాటు మారాలి.

ముందు వాన సంగతి. విమానం టికెట్లు తీసుకున్న వారంలోనే పాలసీ కూడా తీసుకోండి. తుపానుకు పేరు పెట్టి హెచ్చరికలు వచ్చాక కొన్న పాలసీ ఆ తుపాను వల్ల కలిగే నష్టానికి సాధారణంగా పనికిరాదు. తెలిసిన ప్రమాదానికి బీమా ఉండదన్నది కంపెనీలన్నీ పాటించే సూత్రం. తరవాత చూడవలసింది, ఏది ఆగిపోతే డబ్బు ఇస్తారన్నది. విమానం రద్దయినా, ఇన్ని గంటలు దాటి ఆలస్యమైనా పరిహారం ఇచ్చే పాలసీలు చాలా ఉన్నాయి. విమానం సమయానికే ఎగిరి, మీరు రోడ్డు మీద చిక్కుకుపోతే మాత్రం చాలా పాలసీలు ఏమీ ఇవ్వవు. కావలి నుంచో ఒంగోలు నుంచో సొంత కారులో బయలుదేరి, కోవూరు దగ్గర నీళ్లలో ఆగిపోయినవారికి ఈ తేడా చాలా ఖరీదైనది. అందుకే పెన్నాకు ఉత్తరాన ఉన్నవారు నవంబరు, డిసెంబరు నెలల్లో విమానం చెన్నైలో ఎక్కేటట్టయితే ఒక రోజు ముందే అక్కడికి చేరి, రాత్రి బస చేయడం మంచిది. నలుగురి టికెట్ల ముందు ఒక గది అద్దె ఏపాటిది?

ఇంకొకటి. వైద్య ఖర్చుల భాగం చాలా పాలసీలలో దేశం దాటాకే మొదలవుతుంది. గూడూరు దగ్గర కారుకు ప్రమాదం జరిగితే ఆదుకునేది మీ మామూలు ఆరోగ్య బీమానే. విదేశానికి వెళుతున్నాం కదా అని దాని రెన్యువల్ వాయిదా వేయకండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. ప్రపోజల్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: మీకు బీపీ, షుగర్, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నాయా? ఇంతకు ముందు ఆపరేషన్ ఏదైనా జరిగిందా? ఆ ఫారం చాలాసార్లు మనం నింపం. ఏజెంటు నింపుతారు, లేదా అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోనులో నింపుతాడు. త్వరగా అయిపోతుందని వరుసగా అన్నిటికీ ‘లేదు’ అని నొక్కేస్తారు. నాన్నగారు పదేళ్లుగా బీపీ మాత్రలు వేసుకుంటున్న సంగతి వాళ్లకు తెలియక కాదు. ‘అది జబ్బా? మాత్రలతో అదుపులోనే ఉందిగా’ అనుకుంటారు. కందుకూరు నుంచి వెళ్లిన ఆయనకు డాలస్‌లో ఒక రాత్రి ఛాతీలో నొప్పి వచ్చిందనుకోండి. ఆసుపత్రిలో చేర్చగానే అక్కడి డాక్టరు అడిగేది రోజూ వేసుకునే మందుల పేర్లే. అమ్మగారు సంచిలోంచి మాత్రల అట్టలు తీసి చూపిస్తారు. అవన్నీ కేస్ షీటులోకి ఎక్కుతాయి, కేస్ షీటు బీమా కంపెనీకి చేరుతుంది. ఫారంలో ‘లేదు’, కేస్ షీటులో ‘పదేళ్లుగా’. క్లెయిము తిరస్కరించడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

నిజం రాస్తే ప్రీమియం పెరగవచ్చు, కొన్ని కంపెనీలు పాలసీ ఇవ్వమని కూడా అనవచ్చు. ఆ మాట ఇక్కడ ఉండగానే వినడం మేలు, ఇంకో కంపెనీని చూసుకునే వ్యవధి ఉంటుంది. రాసినంత మాత్రాన అంతా చెల్లిస్తారనీ అనుకోవద్దు. ముందునుంచీ ఉన్న జబ్బులను చాలా పాలసీలు పూర్తిగా మినహాయిస్తాయి. కొన్ని ప్రాణాపాయ పరిస్థితిలో మాత్రమే, అదీ ఒక పరిమితి వరకే ఇస్తాయి. మీకు చూపించే రంగుల కరపత్రంలో ఇది కనిపించదు. పాలసీ పూర్తి నిబంధనల పత్రం అడిగి తీసుకుని, ‘మినహాయింపులు’ అన్న భాగం ముందు చదవండి. అరవై దాటిన తల్లిదండ్రులను పంపేవారు ఈ ఒక్క భాగానికి ఒక సాయంత్రం కేటాయించాలని నా గట్టి కోరిక. రోజువారీ మాత్రలకు, మామూలు చెకప్‌లకు పాలసీ డబ్బు రాదు కాబట్టి ఉన్నన్నాళ్లకూ సరిపడా మందులు, డాక్టరు చీటీతో సహా, చేతి సంచిలో పెట్టుకోవాలి.

ఎంత మొత్తానికి తీసుకోవాలి? షెంగెన్ వీసాకు, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసాకు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అది షెంగెన్ దేశాలన్నిటికీ, ఉండే రోజులన్నిటికీ వర్తించాలి. అత్యవసర వైద్యం, స్వదేశానికి తీసుకురావడం కూడా అందులో ఉండాలి. చీమకుర్తి గ్రానైటు పని మీద ఇటలీ వెళ్లేవారికి ఇది కొత్తేమీ కాదు. ఏటా పలుమార్లు వెళ్లేవారికి వార్షిక పాలసీ కలిసివస్తుంది, కానీ ఒక్కో ప్రయాణం ఎన్ని రోజులు మించకూడదో చూసుకోవాలి. అమెరికాకు లక్ష డాలర్లకు తక్కువ తీసుకోవద్దన్నది నా అభిప్రాయం. అక్కడ ఐసీయూలో కొద్ది రోజులు ఉన్నా ఆ మొత్తం చాలా త్వరగా కరిగిపోతుంది. ‘అమెరికా, కెనడా మినహా’ అన్న చౌక పాలసీతో పొరపాటున అక్కడికి వెళ్లకండి. పెద్ద అంకె చూసి సంతృప్తి పడకుండా లోపలి పరిమితులూ అడగండి: గది అద్దెకు ఎంత, ఆపరేషన్‌కు ఎంత, ప్రతి క్లెయిములోనూ ముందుగా మన జేబులోంచి పెట్టుకోవలసింది ఎంత. వయసు పైబడినవారి పాలసీలలో ఈ లోపలి పరిమితులు ఎక్కువగా ఉంటాయి.

టికెట్టు బుక్ చేసేటప్పుడు కొద్ది రూపాయలకు వచ్చే బీమా, క్రెడిట్ కార్డుతో ఉచితంగా వచ్చే బీమా చాలావరకు ప్రమాద మరణానికో, సామాను ఆలస్యానికో పరిమితం. వైద్యానికి వాటిని నమ్ముకోవద్దు.

కుర్రవాళ్లకు ఒక మాట. ఫుకెట్‌లోనో బాలిలోనో అద్దె స్కూటరు తీసుకుంటే, అక్కడ చెల్లే లైసెన్సు లేకుండా నడిపినప్పుడు జరిగిన ప్రమాదానికి క్లెయిము రాదు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మన రవాణా శాఖ కార్యాలయంలోనే ఇస్తారు, ఏడాది పనిచేస్తుంది. అయితే వెళ్లే దేశంలో అది చెల్లుతుందో లేదో ముందే తెలుసుకోవాలి. మద్యం తాగి ఉన్నప్పుడు జరిగినదానికీ పాలసీ వర్తించదు. పారాసెయిలింగ్, స్కూబా డైవింగ్ లాంటివి చేయాలనుకుంటే సాహస క్రీడలు చేర్చిన పాలసీ అడగాలి.

పాలసీ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటి పేర్లు ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట పూర్తిగా ఉండి చిక్కులు తెస్తాయి. బంగారు నగలకు, నగదుకు సామాను బీమా సాధారణంగా వర్తించదు. పెళ్లికి వెళుతున్నా సరే, నగలు చెకిన్ పెట్టెలో పెట్టకండి. పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటి బయటికి రాకముందే విమాన సంస్థ కౌంటరులో ఫిర్యాదు రాయించి, రాతపూర్వకంగా రసీదు తీసుకోవాలి. పాస్‌పోర్టు పోతే వెంటనే పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి.

ఆసుపత్రిలో చేరవలసి వస్తే పాలసీ మీద ఉన్న సహాయ కేంద్రం నంబరుకు మొదట ఫోను చేయాలి. స్పృహలో లేని మనిషి ఫోను చేయలేరు కాబట్టి, వెంట ఉన్నవారి దగ్గరా ఇంట్లో ఒకరి దగ్గరా ఆ నంబరు, పాలసీ నకలు ఉండాలి. బోర్డింగ్ పాసులు, అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ ఏదీ పారేయవద్దు.

న్యాయమైన క్లెయిమును కాదంటే ఊరుకోకండి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే పాలసీదారుల ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారికి, ఫిర్యాదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోకే వస్తుంది. రుసుము లేదు, లాయరుతో పని లేదు, 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది.