పైలోనిడల్ సైనస్: సర్జన్‌ను తొలిసారి కలవబోయే ముందు

అపాయింట్‌మెంట్ రోజుకల్లా గడ్డ పగిలి, చీము కారిపోయి, నొప్పి తగ్గిపోవడం ఈ జబ్బులో మామూలే. అప్పుడు పిరుదుల మధ్య గాడిలో సూది బెజ్జమంత గుంటలు రెండో మూడో తప్ప పైకి ఏమీ కనపడవు. కింద వెంట్రుకలు దూరి ఏర్పడిన సొరంగం మాత్రం అలాగే ఉంటుంది. ఆ రోజు డాక్టరు చూడలేనిదాన్ని మీ వెంట తీసుకెళ్లగలిగితే తయారీలో సగం పని అయినట్టే.

ముందు ఫొటోలు. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, ఈ సర్జన్లు రోజూ చూసేది ఇదే. బోర్లా పడుకుని దగ్గరివాళ్ల చేత తీయించుకోండి. ఎవరూ లేకపోతే ఫోన్‌ను వెనక నిలబెట్టి టైమర్ పెట్టుకోవచ్చు. ఒకటి కాస్త దూరం నుంచి, నడుము కింది భాగం నుంచి మలద్వారం దాకా గాడి అంతా కనపడేలా ఉండాలి. ఇంకొకటి పిరుదులు రెండూ పక్కకు లాగి పట్టుకుని, దగ్గర నుంచి. తడి చర్మం మీద ఫ్లాష్ మెరిసి గుంటలు కనపడకుండా పోతాయి కాబట్టి కిటికీ వెలుతురు మేలు. వాపు ఉన్నప్పుడు, కారుతున్నప్పుడు, ఎండిపోయాక విడివిడిగా తీసి పెట్టుకోండి.

తర్వాత ఒకే ఒక్క కాగితం. మొదటిసారి వాపు ఎప్పుడొచ్చింది, ఇప్పటికి ఎన్నిసార్లు తిరగబెట్టింది, ఎన్నిసార్లు దానంతటదే పగిలింది, ఎన్నిసార్లు కోసి చీము తీశారు, ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడారు, ఆపిన ఎన్నాళ్లకు మళ్లీ మొదలైంది. కారడం ఉంటే రోజుకు ఎన్ని గాజ్ (గాయం మీద పెట్టే పలచటి గుడ్డ) ముక్కలు తడుస్తున్నాయో, అది చీమో రక్తమో, ఏ పక్క నుంచి వస్తోందో రాయండి. ‘చాలా కారుతోంది’ అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకుంటారు. ‘రోజుకు మూడు గాజ్ ముక్కలు’ అంటే తేడా రాదు.

ఇంతకుముందు ఆపరేషన్ అయి ఉంటే డిశ్చార్జి కాగితం ఒక్కటీ సరిపోదు. అందులో తరచు ‘సైనస్ తీసేశాం’ అన్న ముక్కే ఉంటుంది. గాయాన్ని తెరిచి వదిలారా, కుట్టారా, కుడితే గాడి మధ్యలోనా పక్కకు జరిపా అన్నది ఆపరేషన్ నోట్సులో ఉంటుంది. దాన్ని ఆసుపత్రి నుంచి అడిగి తెచ్చుకోండి. బయాప్సీ రిపోర్టు, ఎమ్మారై తీసి ఉంటే రిపోర్టుతో పాటు ఆ చిత్రాలు కూడా కావాలి.

మీకు సంబంధం లేదనిపించినా చెప్పి తీరాల్సినవి కొన్ని ఉన్నాయి. మలంలో రక్తం, ఎంతకూ తగ్గని విరేచనాలు, బరువు తగ్గడం ఉంటే క్రోన్స్ జబ్బు (పేగుల్లో ఏళ్ల తరబడి ఉండే వాపు) గురించి ఆలోచించాలి. చంకల్లో, గజ్జల్లో కూడా మాటిమాటికీ గడ్డలు లేస్తుంటే అది వేరే చర్మవ్యాధి కావచ్చు. రంధ్రం మలద్వారానికి దగ్గరగా ఉంటే భగందరం (ఫిస్టులా, అంటే మలద్వారం లోపలి నుంచి బయటి చర్మానికి పడే దారి) కాదని తేల్చుకోవాలి. షుగరు, రక్తం పలచబరిచే మందులు, స్టెరాయిడ్లు, ప్లాస్టరు అంటిస్తే దద్దుర్లు రావడం, ఇవన్నీ చెప్పండి. సిగరెట్ల లెక్క తగ్గించి చెప్పొద్దు, పొగ గాయాన్ని మాననివ్వదు. రక్తం పలచబరిచే మందును మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ముందురోజు మామూలుగా స్నానం చేస్తే చాలు. గొరగకండి: కొత్త గాట్లు పడతాయి, వెంట్రుకలు ఎలా ఉన్నాయో డాక్టరుకు తెలియకుండా పోతుంది. పిండడం, పౌడరు, ఆయింట్‌మెంటు, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ కూడా వద్దు. వదులు బట్టలు వేసుకుని, మార్చుకోవడానికి గాజ్ ముక్కలు రెండు ఉంచుకోండి.

పరీక్ష కొద్ది నిమిషాలే. బోర్లా గానీ, ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని గానీ పడుకోమంటారు. గాడిని విడదీసి చూసి, వేలితో నొక్కి సొరంగం ఎటు సాగిందో అంచనా వేస్తారు. భగందరం అనుమానం ఉంటే మలద్వారంలో వేలు పెట్టి చూడాల్సి రావచ్చు. నొప్పిగా ఉంటే ఆపమని చెప్పొచ్చు, పక్కన మరొకరు ఉండాలని కోరొచ్చు. ఎక్కువమందిలో స్కాన్ లేకుండానే జబ్బు తేలిపోతుంది.

ఇక అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది: ‘కుట్లు ఎక్కడ పడతాయి?’ గాడి లోతుగా, చెమటతో తడిగా ఉంటుంది, కూర్చున్నప్పుడల్లా లాగుతుంది. అందుకే సరిగ్గా మధ్యలో వేసిన కుట్లు విడిపోవడం, జబ్బు మళ్లీ రావడం ఎక్కువ. కరిడాకిస్, లింబర్గ్, బాస్కమ్ క్లెఫ్ట్ లిఫ్ట్ అనే ఆపరేషన్ పద్ధతుల్లో కుట్ల వరుస చాలావరకు గాడి మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. జబ్బు చిన్నదైతే గుంటలను మాత్రమే తొలిచి తీసే పిట్ పికింగ్ సరిపోవచ్చు, అక్కడి వరకే మొద్దుబార్చే ఇంజెక్షన్‌తో అది అయిపోతుంది. గుంటలు ఉన్నా ఏ బాధా లేకపోతే అసలు కోయక్కర్లేదు. చిన్న గుంటలకే ‘మొత్తం తవ్వి తీసి, తెరిచి వదిలేద్దాం’ అంటే ఎందుకో అడగండి, మరో సర్జన్ అభిప్రాయం తీసుకోవడమే మంచిదని మా సలహా. అలాంటి గాయం మానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, అన్నాళ్లూ కట్లు మార్చాలి.

ఆ పద్ధతి మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, తిరగబెడితే తర్వాత ఏం చేస్తారు, ఎన్ని రోజులు కూర్చోకూడదు, డ్రైవింగ్ ఎప్పుడు, కట్టు ఎవరు మార్చాలి, వెంట్రుకలు ఎప్పటి నుంచి ఏ పద్ధతిలో తీయాలి, రాత్రిపూట జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవీ రాసుకుని వెళ్లండి. జవాబులు అక్కడే కాగితం మీద పెట్టుకోండి.

ఈలోగా జ్వరం వచ్చినా, నొప్పి గంట గంటకూ పెరుగుతున్నా, ఎరుపు చుట్టూ పాకుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి. నిండిన చీముగడ్డ మాత్రలతో ఖాళీ కాదు, కోసి తీయాల్సిందే. స్పెషలిస్టును కలవబోతున్నారని అక్కడి డాక్టరుకు చెప్పి, వీలైతే గాడి మధ్యలో కాకుండా కాస్త పక్కగా కోయమని అడగండి. పక్కన పెట్టిన గాటు త్వరగా మానుతుంది.