బ్రౌజర్‌లో గోప్యత - 3వ పాఠం: ప్రాక్సీ పెట్టుకోవడం

ఇన్‌కాగ్నిటో విండో మన కంప్యూటర్‌లో హిస్టరీ మిగలకుండా చూస్తుందే తప్ప ఐపీ అడ్రస్‌ను (నెట్‌లో మన కనెక్షన్‌కు ఉండే నంబర్) దాచదని పోయిన పాఠంలో చూశాం. అప్పుడు రాసి పెట్టుకొమ్మన్న ఐపీ నంబర్ దగ్గరుంచుకోండి, చివర్లో పని పడుతుంది.

ప్రాక్సీ అంటే మన బదులు సైటు దగ్గరికి పోయే మధ్య సర్వర్. పక్కింటి పోరడిని కిరాణం దుకాణానికి పంపడం లాంటిదే. సేటుకు వాడి మొహమే కనబడుతుంది, మనది కాదు. కానీ మనం ఎవరి దుకాణంలో ఏం తెప్పించుకున్నామో వాడికి తెలుసు. మన డేటాకు తాళం వేసి పంపే హెచ్‌టీటీపీఎస్ సైటైతే సంచి మూతి కట్టేసి ఉంటుంది కాబట్టి దుకాణం పేరొక్కటే తెలుస్తుంది. అయినా సరే, ముక్కూమొహం తెలియని ఉచిత ప్రాక్సీలను నేనైతే వాడను.

ఈ పాఠానికి ఫైర్‌ఫాక్స్ తీసుకుందాం. క్రోమ్‌లో ప్రాక్సీ నొక్కితే విండోస్ సెట్టింగ్స్ తెరుచుకుంటాయి, అక్కడ మార్చింది క్రోమ్‌ ఒక్కదానితో ఆగదు. ఫైర్‌ఫాక్స్‌కు సొంత సెట్టింగ్ ఉంది. సెట్టింగ్స్‌లో జనరల్ పేజీ అడుగుకు పోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్ కనబడుతుంది. అందులో మాన్యువల్ ప్రాక్సీ ఎంచుకోండి. హెచ్‌టీటీపీ గడి ఖాళీగా వదిలేసి, సాక్స్ (ఒక రకం ప్రాక్సీ) హోస్ట్‌లో ప్రాక్సీ ఇచ్చినవాళ్లు చెప్పిన అడ్రస్, పక్కన పోర్ట్ నంబర్ వేయండి. సాక్స్‌కు మామూలుగా వాడే పోర్ట్ 1080. కింద సాక్స్ వీ5 ఎంచుకోండి.

ఇక అసలు సంగతి. అదే పేజీలో, సాక్స్ వీ5 వాడేటప్పుడు డీఎన్‌ఎస్ (సైటు పేరును బట్టి దాని ఐపీ అడ్రస్ వెతకడం) కూడా ప్రాక్సీ ద్వారానే పోవాలనే టిక్ ఒకటుంది. అది లేకపోతే, పోరడిని పంపే ముందు మనమే గల్లీలో నిలబడి "ఫలానా దుకాణం ఎక్కడ?" అని అందరికీ వినబడేలా అడిగినట్టే. సైటు పేరు మన నెట్ కంపెనీకి తెలిసిపోతుంది. టిక్ ఉందో లేదో కళ్లతో చూసుకోండి.

పని కాగానే నో ప్రాక్సీకి మార్చండి. నేనోసారి హన్మకొండలో పెట్టుకున్న ప్రాక్సీ తీయడం మరిచి కాజీపేటలో ఇంటికొచ్చాను. ఒక్క పేజీ తెరుచుకోలేదు. నెట్ పోయిందని టెన్షన్ పడి కేబుల్ అబ్బాయిని మూడంతస్తులు ఎక్కించాను. ప్రాక్సీ సర్వర్ కనెక్షన్ తీసుకోవట్లేదని స్క్రీన్ మీద రాసే ఉంది, నేనే చదవలేదు!

ప్రాక్సీ తీయకముందే ఐపీ మళ్లీ చూసి పాత నంబర్‌తో పోల్చండి. మారిందా? మారితే అదే విండోలో మీ మెయిల్‌ లాగిన్ అయి ఉందేమో చూడండి. ఉంటే పోరడు సేటుతో "వాళ్ల ఖాతాలో రాసుకో" అన్నట్టే. ఆ లాగిన్‌ను గుర్తుంచేందుకు సైటు మన బ్రౌజర్‌లో పెట్టే చిన్న ఫైళ్లే కుకీలు, వాటి సంగతి 4వ పాఠంలో.